మైల తొట్టి

పోయినవి ఇవి. గుడ్లు పెట్టే తల్లిచేపలు తొమ్మిది. అమ్మకానికి ఎదిగినవి అరవై నాలుగు, వాటిలో మద్రాసు నుంచి తెప్పించిన నల్లవి ఇరవై. చింతగింజంత పిల్లలు డెబ్భై. మొత్తం నూట నలభై మూడు. ఇవి కాక తిరుపతిలో ఒక కాఫీ హోటలు వాళ్ళతో కుదిరిన పని ఒకటి, ఆ హోటలు వెనక మా చెల్లెలు చూసి పెట్టుకున్న గది ఒకటి. ఇంకొకటి కూడా పోయింది గానీ దాన్ని ఏ తక్కెడలో తూచాలో నాకు తెలియదు. ఆ ఏడు చలికాలం తర్వాత మా చెల్లెలు తన మామగారిని మామా అని పిలవలేదు.

ఆ మామగారు పోయిన వారం పాకాలలో చనిపోయాడు. కబురు విన్నప్పటి నుంచి నాకు ఆయన మొహం కంటే చెయ్యి ఎక్కువగా గుర్తుకొస్తోంది. కుడిచెయ్యి. చింతపండు పిసికి పిసికి వేళ్ళ సందుల్లో నల్లబడిన చెయ్యి. బొటనవేలు చిటికెనవేలి అడుగు కణుపు మీద ఆనించి, ఒక్కొక్క కణుపూ నొక్కుకుంటూ పైకి పోయి, పక్క వేలి మీదికి దిగి, మళ్ళీ పైకి పోయేవాడు. లెక్క ఎక్కడ ముగిస్తే అక్కడ బొటనవేలు ఆగిపోయేది. "సరిపోయింది" అనేవాడు. ఎదుటి మనిషి సరే అనేదాకా ఆ వేలు అక్కడి నుంచి తీసేవాడు కాదు.

ఆయన పురోహితుడు కాడు. పాకాలలో చింతపండు వ్యాపారం చేసేవాడు. కానీ చుట్టుపక్కల ఎవరి ఇంట్లో చావు జరిగినా, పురుడు వచ్చినా, మైల ఎన్నాళ్ళు పట్టాలో అడగడానికి పొద్దున్నే ఆయన ఇంటి తిన్నె మీదికి వచ్చేవాళ్ళు. పురోహితుణ్ణి అడిగితే పంచాంగం తీస్తాడు, ఆ తర్వాత చెయ్యి చాస్తాడు. ఈయన రెండూ చేసేవాడు కాదు. ఆ విషయంలో ఆయనకు కొంచెం గర్వం కూడా ఉండేది.

నేను చిత్తూరులో ఒక బెల్లం మండీలో తూకాల లెక్క చూస్తాను. బడికి పోయింది తక్కువ. కూడికలూ వడ్డీలూ మండీలో నిలబడి చూసి నేర్చుకున్నవే. మా చెల్లెలిని పాకాలలో ఇచ్చాం కాబట్టి చాలా ఆదివారాలు రైలెక్కి పోయేవాణ్ణి. పోయినప్పుడల్లా ఆ తిన్నె మీద ఒక మూల కూర్చుని ఆయన తీర్పులు వినడం నాకు అలవాటైంది. లెక్క తెలిసిన మనిషి ఇంకో లెక్క తెలిసిన మనిషిని చూస్తే ఊరికే లేచి రాలేడు.

"ఎప్పుడు పోయినాడబ్బా?" అని మొదలుపెట్టేవాడు.

"రేత్రి, పెద్దాయనా."

"రేత్రంటే? కోడి కూసినాకనా, కూయక ముందరా?"

"నేను ఆడ లేను. కోడి సంగతి నాకెట్ల తెలుస్తాది?"

"పోయి కనుక్కోని రాబ్బా. ఒక దినం తేడా వస్తాది. నీకు ఒక దినమంటే లెక్క లేదేమో గానీ సచ్చినోడికి ఉండాది."

ఒకసారి బంగారుపాళ్యం నుంచి ఒక రైతు వచ్చాడు. వాళ్ళ చిన్నాయన చనిపోయి ఎనిమిది రోజులైంది. ఇంకా ఆ మైల తీరలేదు. ఇంతలో దాయాదుల్లో ఇంకొక ముసలాయన పోయాడు. పన్నెండో రోజున కూతురికి తాంబూలాలు పుచ్చుకోవాలి. మళ్ళీ మొదటి నుంచి పది రోజులు పట్టాల్సి వస్తే వియ్యంకుడు వేరే సంబంధం చూసుకునేటట్టు ఉన్నాడు. ఆ రైతు చెప్పడం ముగించేలోపలే ఈయన బొటనవేలు కదిలింది.

"మొదటి మైల తీరకముందే రెండోది వచ్చింది గదా?"

"అవును పెద్దాయనా."

"అట్లయితే రెండోది దాంట్లోనే కలిసిపోయింది. పదో దినానికి రెండూ ఒకే నీళ్ళతో పోతాయి. వెనక వచ్చినదానికి వేరే లెక్క లేదు. సరిపోయింది."

ఆ రైతుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "మామిడికాయలు ఒక గంప పంపిస్తా" అన్నాడు.

"పంపితే తిరిగి పంపిస్తా. రైలు చార్జీ నీదే."

రైతు వెళ్ళిపోయాక నేను ఊరుకోలేక అడిగాను. "మామా, రోజుకొకరు సస్తా ఉంటే? ఒకటి తీరకముందే ఒకటి కలుస్తా పోతే?"

ఆయన కాసేపు కణుపుల వైపు చూసుకున్నాడు. "అంతదాకా వస్తే ఆ లెక్క నిన్నే అడుగుతార్లే అబ్బా. నేనుండను" అన్నాడు.

నాకు ఆయనంటే ఇష్టంగా ఉండేది. ఈ మాట కూడా రాయాలి. రాయకపోతే తర్వాత చెప్పబోయేది అబద్ధమవుతుంది.

ఆయన కొడుకు, మా బావ, పాకాల రైల్వేలో ఫిట్టరు. మద్రాసు నుంచి ఒకసారి మట్టి కుండలో ఐదు బంగారు చేపలు తెచ్చాడు, ఊరికే, చూడ్డానికి. ఆయన జ్వరంతో పోయాక ఆ ఇంట్లో మా చెల్లెలికి ఇది నాది అని చెప్పుకోవడానికి ఆ చేపలే మిగిలాయి. పెరట్లో పశువులకు కుడితి పోసే పెద్ద రాతి తొట్టి ఒకటి ఖాళీగా ఉంటే దాంట్లో పెంచింది. అవి గుడ్లు పెట్టాయి. పిల్లలకు ఇంకో చిన్న తొట్టి పెట్టింది. పొద్దున్నే పెద్ద తొట్టిలోని పచ్చనీళ్ళు చెంబెడు తీసి పిల్లల తొట్టిలో పోసేది. ఆ పచ్చదనమే వాటికి మేత. ఊళ్ళో ఒక డాక్టరు, చిత్తూరులో ఇద్దరు వకీళ్ళు ఇళ్ళల్లో గాజు తొట్లు పెట్టుకుని ఆమె దగ్గర కొన్నారు.

మొదటి దెబ్బ అప్పుడే తగిలింది. రకం మార్చాలని మద్రాసు నుంచి నాలుగు కొత్త చేపలు తెప్పించి నేరుగా పెద్ద తొట్టిలో వదిలింది. పది రోజులకు పాత చేపలు గోడలకు ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టాయి. ఎండలోకి తీసి చూస్తే రెక్కల కింద గాజు పెంకులాంటి పేలు, నువ్వుగింజంతవి, కదులుతున్నాయి. కొన్నిటి మీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు. సగానికి పైగా చచ్చాయి. నేను మండీ పని మీద మద్రాసు పోయినప్పుడు ఆ చేపలమ్మేవాణ్ణి వెతికి పట్టుకుని నిలదీశాను. వాడు నవ్వాడు. "కొత్తదాన్ని ఎవురైనా నేరుగా ఇంట్లోకి తీసుకుంటారా సామీ? ఇరవై ఒక్క దినాలు వేరే తొట్టిలో పెట్టాల. పేనుంటే కనిపిస్తాది. గుడ్డుంటే పగులుతాది. చుక్కుంటే లేస్తాది. ఏమీ లేదని తెలిసినాకనే కలపాల" అని అరవం కలిసిన తెలుగులో చెప్పాడు. కల్లుప్పు నీళ్ళలో ముంచే పద్ధతీ, కలరా రోజుల్లో బావుల్లో వేసే ఊదారంగు మందు చిటికెడు కలిపితే నీళ్ళు లేత గులాబీ రంగుకు రావాలనే గుర్తూ చెప్పాడు.

ఇవన్నీ మా చెల్లెలికి అప్పజెప్పాను. ఆమె పెరటి గోడ పక్కన మూడో తొట్టి పెట్టింది. చిక్కు ఆ ఇంట్లో వచ్చింది. ఆ తొట్టిలో ముంచిన చెంబు ఈ తొట్టిలో ముంచకూడదంటే ఎవరు వింటారు? అత్తగారు వినలేదు. "చేపలకు వేరే చెంబా, వాటికి వేరే పీట కూడా వెయ్యమను" అంది. పనిమనిషి వినలేదు. మా చెల్లెలు రోజంతా కాపలా ఉండలేక ఏడుపు మొహంతో కూర్చుంది.

అప్పుడు ఆయన పెరట్లోకి వచ్చాడు. మూడో తొట్టి ముందర నిలబడి సంగతంతా విన్నాడు.

"ఎన్ని దినాలన్నాడమ్మణ్ణీ వాడు?"

"ఇరవై ఒకటి మామా."

"అంటే ఈటికి మైల." భార్య వైపు తిరిగాడు. "సూడు, ఇది మైల తొట్టి. దీన్ని తాకినోళ్ళు చెయ్యి కడగకుండా ఆ పెద్ద తొట్టి తాకేదానికి లేదు. దీని చెంబు దీనిదే. దీని గుడ్డ దీనిదే. తెలిసిందా?"

తెలిసింది. ఆ ఒక్క మాటతో అందరికీ తెలిసింది. నేను పేలనీ, గుడ్లనీ వివరించి చెప్పినప్పుడు తల తిప్పుకున్న అత్తగారు ఆ రోజు నుంచి మైల తొట్టి వైపు పోతే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడిచేది. పనిమనిషి మోచేతుల దాకా కడుక్కునేది. ఆయన అయితే ఇంకా కఠినం. ఒకనాడు కాకి మైల తొట్టి అంచు మీద వాలి, అక్కడి నుంచి పెద్ద తొట్టి మీదికి ఎగిరిందని సగం పూట దాన్ని తిడుతూనే ఉన్నాడు. మైల తీరిన రోజున తానే స్నానం చేసి, ఉతికిన తువ్వాలు కట్టుకుని, కొత్త చేపల్ని ఉప్పునీళ్ళలో ముంచి తీసి పెద్ద తొట్టిలోకి వదిలేవాడు. "లోపలికి రాండి తల్లీ" అనేవాడు. రెండేళ్ళలో మూడుసార్లు కొత్త చేపలు వచ్చాయి. మూడుసార్లూ ఒక్క పాత చేప చావలేదు. అంత జాగ్రత్తగా కాపలా కాసిన మనిషిని నేను మద్రాసులో కూడా చూడలేదు.

యుద్ధం ముగిసి రైళ్ళు కొంచెం ఖాళీ అయ్యాక తిరుపతిలో ఒకాయన కాఫీ హోటలు పెద్దది చేశాడు. కొండకు పోయి వచ్చే యాత్రికులు లోపలికి రావాలంటే ముందరి హాలులో ఏదైనా వింత ఉండాలని ఆయన ఆలోచన. నడుమెత్తు సిమెంటు తొట్టి కట్టించి, ముందువైపు గాజు పలక బిగించి, దాని నిండా బంగారు చేపలు కావాలన్నాడు. అరవై. వాటిలో నల్లవి ఇరవై ఉండాలి. అంతటితో ఆగలేదు. వాటిని చూసుకోవడానికి రోజూ ఒక మనిషి కావాలి, ఆ మనిషి మా చెల్లెలే కావాలన్నాడు. నెలజీతం. హోటలు వెనక ఒక గది. ఆమె పోయి ఆ గది చూసి వచ్చింది. కిటికీ ఒకటే, అది కూడా వీధి వైపు కాదు. అయినా ఆమె ఆ కిటికీకి ఎంత గుడ్డ పడుతుందో జానలతో కొలిచి వచ్చింది.

మామగారికి ఎలా చెప్పడమా అని భయపడ్డాం. ఆమే చెప్పింది. నేను తిన్నె మీదే ఉన్నాను.

"ఒంటిగా ఉంటావా?" అన్నాడాయన.

"ఉంటాను మామా."

"ఎవురికి వండుతావు?"

"నాకే."

ఆయన చాలాసేపు నశ్యం డబ్బీ మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. "చింతపండు మాత్రం ఆడ కొనొద్దు. తిరపతిలో ఇసుక కలుపుతారు. నేను పంపిస్తా" అన్నాడు. అంతే. ఆ ఇంటి కోడలు, అందులోనూ మొగుడు లేని మనిషి, ఇల్లు దాటి వేరే ఊళ్ళో సొంతంగా బతుకుతానంటే ఇంతకంటే మంచిగా ఏ మామ ఒప్పుకుంటాడో నాకు తెలియదు.

నల్ల చేపలు ఇరవై కావాలని మద్రాసుకు రాస్తే వాడు మొదట పన్నెండే పంపాడు. మిగిలిన ఎనిమిదీ దొరకగానే రైలు గార్డుతో పంపిస్తానన్నాడు. పన్నెండూ మైల తొట్టిలో చేరాయి. పదమూడు రోజులు గడిచాక మా చెల్లెలు తిరుపతి పోవాల్సి వచ్చింది. కొత్త సిమెంటు తొట్టిలో నేరుగా చేపల్ని వదిలితే సున్నం ఘాటుకు చస్తాయి. చింతపండు పులుసుతో గోడలన్నీ రుద్ది, నీళ్ళు నింపి, రెండు రోజులు ఉంచి పారబోసి, మళ్ళీ నింపి, అలా నాలుగైదుసార్లు చేయాలి. మామగారు ఇచ్చిన చింతపండు గోతాం నేను మోశాను. నాకు సెలవు లేక మూడోనాటికి చిత్తూరు వచ్చేశాను.

పోయేముందు ఆమె ఆయనకు చెప్పింది. "ఇరవై ఒకటి నిండేదాకా కలపొద్దు మామా."

"నాకు సెప్తావా?" అన్నాడు నవ్వుతూ.

ఆమె తిరిగి వచ్చింది ఆదివారం. నేను పాకాల స్టేషనుకు ఎదురుపోయి, పెట్టె పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. ఆయన తిన్నె మీద లేడు. పెరట్లో పెద్ద తొట్టి దగ్గర మా కోసం కాచుకుని నిలబడి ఉన్నాడు.

"పోయేటప్పుడు పన్నెండు. ఇప్పుడు ఎంచుకో" అన్నాడు.

నారింజ రంగు చేపల నడుమ నల్లవి తిరుగుతున్నాయి. మా చెల్లెలు పెదవులు కదిలిస్తూ ఎంచింది. ఇరవై. ఎంచిన తర్వాత ఆమె నవ్వలేదు.

"ఆ ఎనిమిదీ ఎప్పుడొచ్చినాయి మామా?"

"ముందరివాటికి పదహారు దినాలు గడిచినాక. పొద్దున బండికి గార్డు తెచ్చిచ్చినాడు."

"యాడ పెట్టినారు?"

"యాడ పెడతాను? మైల తొట్టిలోనే పెట్టినా. నేనేమన్నా ఎరగనోడినా?"

"దాంట్లో ఎన్ని దినాలుండినాయి?"

"ఇరవై ఒకటి నిండినాక అన్నిటినీ ఉప్పునీళ్ళలో ముంచి లోపలికి తీసుకున్నా. నేటికి మూడు దినాలాయె."

"ఆ ఎనిమిదీ ఉండింది ఐదు దినాలు మామా. ఇంకా పదహారు తక్కువ" అంది.

ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. ఆ సంగతి నేను ప్రమాణం చేసి చెప్పగలను. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "తక్కువెట్ల అవుతాదమ్మణ్ణీ? ముందరిది తీరకముందే వచ్చినాయి గదా. మైలలో మైల కలిసింది. ముందరిదాంతోనే పోయింది." బొటనవేలు చిటికెనవేలి మీదికి వచ్చింది. కణుపు కణుపుకీ చూపించాడు. పన్నెండు కణుపులు ఒకసారి, తొమ్మిది కణుపులు ఇంకోసారి. "ఇరవై ఒకటి. సరిపోయింది."

మనుషుల సంగతిలో ఆ లెక్కలో తప్పు లేదు. బంగారుపాళ్యం రైతు కూతురి పెళ్ళి ఆ లెక్క మీదే జరిగింది. చేప ఒంటి మీద కనిపించకుండా ఉన్న పురుగు మాత్రం ముందర వచ్చిన చేపల రోజులు తన లెక్కలో కలుపుకోదు.

మా చెల్లెలు ఆయనతో వాదించలేదు. చీర చెంగు దోపుకుని ఆ పూటే ఇరవై నల్లవాటినీ గుడ్డతో పట్టి మళ్ళీ మైల తొట్టిలో వేసింది. ఆయన పక్కనే నిలబడి, "మైల తీరినవాటిని మళ్ళీ బయటికి పంపితే అవమానం గాదా?" అన్నాడు. నేను రాత్రి బండికి చిత్తూరు వచ్చేశాను.

మళ్ళీ నాలుగు రోజులకు కబురొస్తే పోయాను. మొదటి చుక్క ఒక తల్లిచేప తోక అంచున కనిపించిందట. మా బావ తెచ్చిన ఐదింటిలో మిగిలిన ఒకే ఒక చేప అది. నేను పోయేసరికి పెద్ద తొట్టిలో రవ్వ చల్లినట్టుంది. పిల్లల తొట్టిలో కూడా. ఆమె ఊళ్ళో లేని రోజుల్లో మామగారు ఆమె చెప్పిన ప్రకారమే, పొద్దున్నే మరిచిపోకుండా, పెద్ద తొట్టి పచ్చనీళ్ళు చెంబెడు పిల్లలకు పోశాడు.

చేయగలిగింది చేసింది. కల్లుప్పు వేసింది. ఊదా మందు వేసింది. చలికి చుక్క తొందరగా వదలదని నీళ్ళు వెచ్చబెట్టింది. ఆ వేడినీళ్ళ కడవలు మోసింది ఆయనే. అరవై దాటిన మనిషి, వంటింటి నుంచి పెరటికీ, పెరటి నుంచి వంటింటికీ. ఆ రోజుల్లో తిన్నె మీద కూర్చోలేదు. లెక్కలడగడానికి వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. చచ్చినవాటిని గోంగూర మడి పక్కన గుంట తీసి ఆయనే పూడ్చాడు. ప్రతిసారీ కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికి వచ్చాడు. ఇవన్నీ ఆయన పక్కన వేయాల్సినవే. వేస్తున్నాను.

పదకొండు రోజుల్లో ముగిసింది. నాలుగు మిగిలాయి. హోటలాయన మంచివాడే, "ఆ నాలుగైనా తీసుకురామ్మా, మెల్లగా పెంచుదాం" అని మనిషిని పంపాడు. మా చెల్లెలు ఒప్పుకోలేదు. "చుక్క రాలినా లోపల ఉండొచ్చు. నాకు జరిగింది ఇంకొకరి తొట్టికి జరగనీయను" అంది. హోటలాయన ఇంకో నెల చూసి ఆ తొట్టిలో తామర తీగ వేయించాడు. గదిని దోసెలు పోసే మనిషికి ఇచ్చాడు.

ఆమెను చిత్తూరు తీసుకురావడానికి పోయిన రోజు జరిగింది ఇది. పెట్టె వాకిట్లో పెట్టాం. ఆయన తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన ముందుకు పోయి నిలబడింది.

"మామా, పోయినవి ఎట్లాగూ పోయినాయి. మిమ్మల్ని తప్పు పట్టేదానికి రాలేదు. ఒక్క మాట సెప్పండి. ఆ ఎనిమిదింటికి పదహారు దినాలు తక్కువైనాయి. తక్కువైనాయని అనండి. నాకింకేం వద్దు."

ఆయన ఆమె వైపు చూడలేదు. చెయ్యి చూసుకున్నాడు. బొటనవేలు అడుగు కణుపు మీద పెట్టి మొదలుపెట్టాడు. ఎప్పుడూ లేనంత మెల్లగా లెక్కపెట్టాడు. ప్రతి కణుపు దగ్గరా ఆగాడు. నేను ఆయన వేలి వైపే చూస్తున్నాను. పదహారో కణుపు దగ్గర ఇంకొంచెం సేపు ఆగినట్టు నాకు అనిపించింది. అది నా ఆశ కావచ్చు. ఇరవై ఒకటి దాకా పోయాడు.

"సరిపోయింది" అన్నాడు.

వేలు తీయలేదు. ఆమె సరే అనాలని కాచుకున్నాడు. ఆమె పెట్టె ఎత్తుకుంది. రైలు పాకాల దాటాక, "మనుషులకు ఎన్ని దినాలు తగ్గించినా ఏమీ కాదు గదన్నా, అందుకే ఆయన ఎప్పుడూ తప్పలేదు" అంది.

తర్వాత ఆయన్ని నేను ఒక్కసారే చూశాను. అప్పటికి ఏడాదిన్నర అయివుంటుంది. తిరుపతి బండి కోసం పాకాల ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటే వేపచెట్టు కింద బెంచీ మీద కనిపించాడు. బాగా చిక్కిపోయాడు. చుట్టూ ముగ్గురు నలుగురు ఉన్నారు, ఎప్పటిలాగే. నేను ఆయన వెనకవైపు ఉన్నాను.

ఒకాయన అడుగుతున్నాడు. "అన్న పోయి ఆరు దినాలాయె పెద్దాయనా. నిన్న మా పెదనాయన కూడా పోయినాడు. రెండిటికీ కలిపి ఎన్ని దినాలు?"

ఆయన చెయ్యి లేచింది. బొటనవేలు చిటికెనవేలిని తాకింది. తాకి కిందికి దిగింది.

"అది నాకు తెలీదబ్బా. పురోహితుణ్ణి అడుగుపో."

అడిగినాయన నవ్వాడు. "నీకు తెలీకపోతే ఎవురికి తెలుస్తాది? మా నాయన పోయినప్పుడు ఇట్లనే రెండు కలిస్తే నువ్వే గదా సెప్పింది."

"అప్పుడు తెలుసు" అన్నాడు. "ఇప్పుడు తెలీదు."

నేను ఎదురుగా పోయి నిలబడ్డాను. నన్ను చూసి లేవబోయాడు, కూర్చోమన్నాను.

"అమ్మణ్ణి బాగుండాదా?"

"బాగానే ఉంది మామా. ఈయనకు ఇప్పుడు సెప్పిన మాట ఒకసారి చిత్తూరికొచ్చి ఆమెకు సెప్పు. నేను చార్జీ పెట్టుకుంటా."

"ఏ మాట?" అన్నాడు.

నేను ఆయన కళ్ళలోకి చూశాను. ఆయన రైలు వచ్చే వైపు చూశాడు. బండి వచ్చింది, ఎక్కాను. ఇంటికి ఏమీ కాని మనిషి ముందు, నలుగురు వింటుండగా నాకు తెలియదని ఒప్పుకోగలిగిన వాడికి, ఇంటి కోడలి ముందు ఆ ఒక్క మాట ఎందుకు రాలేదో నేను చాలా రకాలుగా ఆలోచించాను. ఏ రకంగానూ తేలలేదు. తేలిందల్లా నాకు ఆయన మీద ఉన్న ఇష్టం ఆ రోజుతో పోయిందని మాత్రమే. తప్పు లెక్క వేసినందుకు కాదు. అది తప్పని తెలిశాక కూడా దాన్ని ఆమె నెత్తినే ఉంచినందుకు.

జరిగింది మా చెల్లెలికి చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతోంది. చేట ఆపింది.

"తెలీదన్నాడా?"

"అన్నాడు."

"నా దగ్గర మాత్రం అంతా తెలుసునన్నాడే" అని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

పోయిన వారం పొద్దున్నే పాకాల నుంచి మనిషి వచ్చాడు. ఆ ఇంటి పక్కింటి కుర్రాడు, మా చెల్లెలిని అక్కా అంటాడు. తెల్లవారుజామున పెద్దాయన పోయాడని చెప్పాడు. మొదటి బండికే బయలుదేరి వచ్చాడట. వాకిట్లోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"మధ్యాన్నం ఎత్తుతారు. వస్తే మొహం సూడొచ్చునక్కా."

"అన్న వస్తాడు. మొయ్యడానికి మనిషి కావాల గదా" అంది ఆమె.

నేను కండువా తీసుకున్నాను. కుర్రాడు కదల్లేదు. "నువ్వు రాకపోయినా నీళ్ళు పోసుకోవాలి గదక్కా. ఆ ఇంటి కోడలివి. పది దినాలు పట్టాల."

"పదేనా?"

"పది."

"ఆయన నాకు పదహారు ఇయ్యాల. ఈ పదీ దాంట్లో పట్టుకోమను."

కుర్రాడికి అర్థం కాక నా వైపు చూశాడు. ఆమె లోపలికి పోయి పొయ్యి రాజేసింది. మైల వచ్చిన ఇంట్లో ఆ వేళ పొయ్యి వెలిగించరని ఆమెకు తెలుసు, నాకు తెలుసు, వాకిట్లో నిలబడిన ఆ కుర్రాడికి కూడా తెలుసు. ఎసరు పెట్టి, బియ్యం కడిగి పోసింది. దారిలో ఆకలవుతుందని నాకు ఆకు వేసి వడ్డించింది. నేను కూర్చుని తిన్నాను.

తింటూ మనసులో ఒకసారి సరిచూసుకున్నాను. పదహారులో పది పోయింది. ఆరు రోజులు ఆయన ఇంకా ఇవ్వాలి.